నిలబడ్డ నీళ్లు

మల్లేపల్లిలో చాయ్ తాగి వచ్చిన డ్రైవర్ బస్సును మళ్లీ రోడ్డెక్కించాడు, అంతే, బాలనర్సమ్మకు గుండెలో రాయి పడింది. ఇంకెంత దూరం, గంట, ఆగుతూ పోతే ఇంకొంచెం, ఇబ్రహీంపట్నం వచ్చేస్తుంది, దిగాలి, సందులోకి నడవాలి, తలుపు గొళ్లెం తీసిన చప్పుడుకే లోపలి నుంచి అడుగుతాడు ఆ మనిషి, ఎన్ని ఎత్తిండ్రే అని. ఏం చెప్పాలి? ఒక్కటీ ఎత్తలేదని చెప్పాలా? తెల్లారకముందే లేచి, కోడలు పెట్టిన చాయ్ కూడా సగంలో వదిలేసి, నాగార్జునసాగర్ దాకా పోయి, ఇరవై ఆరు గేట్లూ బిగించి ఉంటే చూసి వచ్చానని చెప్పాలా? ఇట్లాంటి తెలివితక్కువ పని లోకంలో ఎవరైనా చేస్తారా అంటే, ఎందుకు చెయ్యరు, ఈ బస్సులో సగం మంది అదే చేసి వస్తున్నారు. పక్కింటి శివాని ఫోన్‌లో స్టేటస్ పెట్టింది, సాగర్ గేట్లు ఎత్తారని, వీడియోలో పాలు పొంగినట్టు తెల్లగా నీళ్లు దుంకుతున్నాయి. అది నిరుటి వీడియో అని ఆ పిల్లకూ తెలియదు, ఆ పిల్లకు పంపినవాళ్లకూ తెలియదు, బస్సు దిగి వంతెన దాకా ఉరికిన జనానికి అసలే తెలియదు. రెయిలింగ్ పట్టుకొని కిందికి చూశారు, పైకి చూశారు, ఆఖరుకు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎత్తి మూసేసిండ్రా అని కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన మక్కకంకులు కాల్చే ఆమెను అడిగాడు. "ఏ యేడు ముచ్చట అడుగుతున్నవ్ సారూ?" అందామె, విసనకర్ర ఆపకుండానే. అప్పుడు చూడాలి ఒక్కొక్కరి ముఖం.

ఇంకో రోజైతే బాలనర్సమ్మే అందరికంటే ముందు పకపకా నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. ఎందుకంటే మంచం మీది మనిషి సంగతి అట్లా ఉంది. మొగుడు అంజిలయ్య లారీ డ్రైవరు, ముప్పై ఏళ్లు దేశమంతా తిరిగినవాడు, నాగపూర్ అంటే పక్కింటికి పోయొచ్చినట్టు పోయొచ్చేవాడు. షుగరు ఆ మనిషి కళ్లు తినేసింది, ముందు కుడిది, తర్వాత ఎడమది. దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి ఇక లాభం లేదనుకొని ఇంటికి వచ్చి కూర్చున్న రోజుల్లోనే ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని వచ్చింది. ఇంట్లో అందరికంటే ముందు సంబరపడ్డది అతనే. "నేను తిరిగినన్ని దినాలు తిరిగిన నర్సీ, ఇగ నీ వంతు. ఆధార్ కార్డు కొంగుల కట్టుకొని పో. పోయి చూసి రా, వచ్చి నాకు చెప్పు" అన్నాడు. అట్లా మొదలైంది ఆమె తిరుగుడు. ఆమె చూసి రావడం, అతను మంచం మీద కూర్చొని ఊ కొట్టడం, ఆ మలుపు దాటినంక ఇనుప వంతెన ఉండాలె గద, ఉన్నదా, పీకేసిండ్రా అని మధ్యలో అడ్డుతగలడం. ఇల్లు ఇల్లులా ఉండేది. ఏమైందో ఏమో, నెల రోజుల నుంచి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. కొడుకు పరమేష్ డ్యూటీ నుంచి వచ్చి బాపూ అంటే పలకడు. కోడలు భాగ్యశ్రీ జొన్నగటక పిసికి పెడితే రెండు ముద్దలు తిని పళ్లెం నెట్టేస్తాడు. మొన్న వరంగల్ కోట ముచ్చట ఎత్తబోతే, "చాలు తియ్, ఇగ నాకేం చెప్పకు" అన్నాడు. డాక్టరు కళ్లు పోయాయని చెప్పిన రోజు కూడా ఆమె అంత భయపడలేదు. ఆ రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

సరే, నిన్న పొద్దున శివాని ఫోన్ పట్టుకొని వాకిట్లోకి వచ్చింది, అవ్వా చూడు చూడు అని. ఫోన్‌లోంచి నీళ్ల హోరు. గోడవైపు తిరిగి ఉన్న మనిషి, ఎవరూ లేపకుండానే, లేచి కూర్చున్నాడు. ఏందే గా సప్పుడు అన్నాడు. సాగర్ తాతా, గేట్లెత్తిండ్రు అంది శివాని. ఆ ఫోన్ అందుకొని చెవికి ఆనించుకొని మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అని ఆ పిల్లను సతాయించాడు. "అన్ని చూసిన గని గదొక్కటి చూడలె. ఎన్నిసార్లు దాటినా రాత్రిపూటనే దాటిన. రేపే పో నర్సీ. జర మంచిగ చూసి రా" అన్నాడు. తర్వాత ఆకలైతుందన్నాడు. నెల తర్వాత ఆకలన్నాడు మనిషి! కోడలు, తను ఒకరి ముఖం ఒకరు చూసుకొని వంటింట్లోకి పరుగు తీశారు. అట్లా లేచిన మనిషి దగ్గరికి ఇప్పుడు ఈ వట్టి చేతులతో, వట్టి నోటితో పోవాలి.

కిటికీ బయట బత్తాయి తోటలు వెనక్కి పోతున్నాయి, గాలిలో ఆ పులుపు తీపి కలిసిన వాసన ఒక్కసారి ముక్కుకు తగిలి పోయింది, అబ్బ, ఎన్నేళ్ల కిందటి వాసన అది. పెళ్లైన కొత్త. ఈ దిక్కు తోటల్లోనే లోడెత్తుకొని నాగపూర్ పోతున్నాడు, నన్ను గూడ తీస్కపోతవా అని ఊరికే నోటిమాటకు అంది, ఎక్కు అన్నాడు. అత్త చూస్తుందేమోనని ఊరి బయట దాకా నడిచి వచ్చి ఎక్కింది. క్యాబిన్ అంత ఎత్తుంటుందని ఆమెకేం తెలుసు, ఎక్కి కూర్చుంటే చెట్లన్నీ పొట్టివైపోయాయి, కాళ్ల కింద ఇంజను వెచ్చగా గురగురమంటోంది, వెనక నుంచి బత్తాయి వాసన. లారీవాళ్ల బతుకంతా రాత్రిదే కదా, పగలు ఏ చెట్టు కిందో లారీ ఆపి దాని కిందే చాప పరుచుకొని పడుకోవడం, చీకటి పడ్డాక కదలడం. లైట్ల ముందు ఉన్నంత మేర రోడ్డు, మిగతాదంతా నల్లటి చీకటి. ఏం కనబడ్తలేదు అని ఆమె అంటే, అతను స్టీరింగ్ మీది నుంచి ఒక చెయ్యి తీసి చీకట్లోకి చూపించాడు. "రైలు గేటు దాటినం గద, గిప్పుడు ఎడమ దిక్కు చూడు. పెద్ద కొండ. కొండ మీద దీపం కనబడ్తుందా?" అవ్, కనబడ్తుంది! "గాడ ఒక సాధువు ఉంటడు, ఒక్కడే. వాన రానీ, గాలి రానీ, గా దీపం ఆరదు." ఆమె మెడ తిప్పి తిప్పి చూసింది, దీపం చిన్నదై చిన్నదై పోయేదాకా. ఇంత చీకట్లో అంత కొండ మీద ఒక్క మనిషి, ఆ మనిషికి ఈ లారీ వెలుతురు కనబడుతుందా, దీంట్లో కొత్త పెళ్లికూతురు ఉందని తెలుస్తుందా. ఒళ్లు ఝల్లుమంది. లోకం ఇంత పెద్దదని ఆమెకు ఎవరూ అంతకుముందు చెప్పలేదు.

మళ్లీ పోలేదు. పిల్లలు, అత్త మంచాన పడటం, బర్రెలు, ఒకటా రెండా, ఎక్కడి ప్రయాణాలు. లారీ పోయేది, వారాల తర్వాత వచ్చేది, అతను స్నానం చేసి, తిని, పిల్లలు పడుకున్నాక మొదలుపెట్టేవాడు. అబ్బో, ఆ చెప్పడం! సముద్రం ఎట్లుంటది అని అడిగితే సముద్రం మాటే ఎత్తడు. ఒడ్డున పల్లీలమ్మే ముసలాయనకు ఒక చెవి లేదు, ఆ లేని చెవి వైపే నిలబడి అందరూ బేరమాడతారు, అని మొదలు. ఇదేం సముద్రం అని ఆమె విసుక్కునే లోపల ఆ ముసలాయన పొట్లం కట్టడానికి తలదించుతాడు, ఆయన వెనక ఆకాశం దాకా నీళ్లు. అట్లా చూపించేవాడు. అసోం పోతే రోడ్డుకడ్డంగా ఏనుగు, అది పోయేదాకా లారీలన్నీ దీపాలార్పి ఊపిరి బిగబట్టి నిలబడటం. రాజస్థాన్‌లో బావి దగ్గర నీళ్లు పోసిన ముసలామె అచ్చం మా అమ్మలాగే తిట్టింది అనడం. పొద్దున అతను గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఆమె బోళ్లు తోముతూ తోముతూ బయలుదేరేది. అవును, ఆమే, స్టీరింగ్ ముందు ఆమే, పక్కన క్లీనరు కూడా లేడు, చెంగు నడుముకు దోపుకొని అసోం దాకా పోయేది, ఏనుగుకు దారిచ్చేది, చెవి లేని ముసలాయన దగ్గర పల్లీలు కొని సముద్రం ముఖాన నిలబడేది. అత్త లోపలి నుంచి కేకేసేది, గిన్నె అరిగిపోయేటట్టున్నది, ఇంకెంతసేపు తోముతవే అని. అత్తకేం తెలుసు కోడలు ఎంత దూరంలో ఉందో.

అందుకే మొదటిసారి పైసా లేని ఆ జీరో టికెట్టు చేతికి వచ్చినప్పుడు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కొంగున కట్టుకుంది. కిటికీ సీటు ఖాళీగా ఉంది. అందులో కూర్చున్నాక, ఎవరో వచ్చి ఇది మాది లే అంటారేమోనని చాలాసేపు సగమే ఆనింది. ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి ఎన్ని ఊళ్లు, ఎన్ని వాగులు. మెదక్ చర్చిలో తలెత్తి చూస్తే కొంగు జారిపోయింది, అంత ఎత్తు. కాళేశ్వరంలో ఒక నది నీళ్లు ఇంకో నది నీళ్లలోకి మెల్లగా, సిగ్గుపడుతూ పోతున్నాయి, చూస్తూ చూస్తూ బస్సు పోగొట్టుకొని పరాయి ఊళ్లో ఎవరి అరుగు మీదో పడుకొని వచ్చింది. ఇంటి వాళ్లు హడలిపోయారు, అంజిలయ్య ఒక్కడే నవ్వాడు, అసలు ప్రయాణమంటే గదే అన్నాడు. కానీ ఆమెను ఎక్కువ ఆశ్చర్యపరిచింది గుళ్లూ కోటలూ కాదు. తెల్లవారుజామున బస్సు పోతుంటే ప్రతి ఊళ్లో ఎవరో ఒకామె వాకిలి ఊడుస్తూ ఉంటుంది. ఆమె తల ఎత్తదు, ఈ బస్సులో తనను చూస్తున్న బాలనర్సమ్మ అనే మనిషి ఉందని ఆమెకు జన్మలో తెలియదు. ఇంతమందా, ఇన్ని వాకిళ్లా, ఒక్కొక్క వాకిలికి ఒక్కొక్క బతుకా అని నోటి మీద చెయ్యి వేసుకునేది. ఇదంతా ఇన్నాళ్లూ నేను లేకుండానే నడుస్తోందా దేవుడా అనుకునేది.

ఆదిలాబాద్ దిక్కు కూడా పోయింది. ఆ సంగతి మాత్రం అతనికి పూర్తిగా చెప్పలేదు. నాగపూర్ రోడ్డు అది, పట్టపగలు, రైలు గేటు ఉండే చోట ఇప్పుడు వంతెన కట్టారు, వంతెన దిగుతుంటే ఎడమ వైపు కొండ కోసం కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. మక్కచేను. ఇంకా మక్కచేను. చాప పరిచినట్టు సాపు భూమి. ఇక్కడ కొండ ఉండె గద బిడ్డా, మీద దీపం ఉంటుండె అని పక్కనున్న ఆమెను అడిగింది. "కొండేంది అవ్వా, మా చిన్నప్పుడు గీడ ఉన్నది రైస్‌మిల్లే. మిల్లు మీద కరెంటు బుగ్గ ఎలుగుతుండె" అందామె. ముందు నవ్వొచ్చింది. తర్వాత, ఎందుకో, ఉన్న కొండను ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోయినట్టనిపించింది. నిర్మల్ దాకా కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. ఆ పైన ఆశ్చర్యం మొదలైంది, అది ఇప్పటికీ తీరలేదు. చీకట్లో ఏమీ లేనిచోట కొండను నిలబెట్టాడు. దాని మీద దీపం పెట్టాడు, దీపం దగ్గర మనిషిని కూర్చోబెట్టాడు. పక్కన కూర్చున్న పిల్ల భయపడకూడదని చేశాడా, మురవాలని చేశాడా, ఊరికే నోరూరుకోక చేశాడా, ఎవరికి తెలుసు! మరి సముద్రం? ఏనుగు? పగలంతా లారీ కింద పడుకున్న మనిషి ఎప్పుడు చూశాడు అవన్నీ? అడగలేదు. అడగదు కూడా. ఇంటికి పోయాక, కొండ ఉన్నదా అని అతను అడగలేదు, లేదని ఆమె చెప్పలేదు.

అట్లాంటప్పుడు, ఒక్క రోజు తనూ నీళ్లు దుంకిస్తే ఏం పోయింది? ఆయన కొండను నిలబెట్టగా లేనిది తను గేట్లెత్తితే తప్పా? అనుకుంటుండగానే చింతపల్లిలో బస్సు ఆగింది. కూరగాయల సంచితో ఒకామె ఎక్కి, సంచి కాళ్ల మధ్య పెట్టుకొని పక్కన కూలబడింది. యాచారం మనిషట, పేరు కమలమ్మ, చెల్లెలింటికి వచ్చి పోతోందట, అడక్కుండానే అన్నీ చెప్పింది. చెప్పి, "నువ్వేడికెల్లి ఒదినే?" అంది. సాగర్‌కెల్లి అంది బాలనర్సమ్మ. కమలమ్మ కళ్లు ఇంతయ్యాయి. "గేట్లెత్తిండ్రంట గద! మా చెల్లె బిడ్డ ఫోన్ల సూపెట్టింది. సూసినవా? ఎట్లున్నది?"

ముందు సీట్లో కళ్లజోడు పెద్దమనిషి మెడ బిగుసుకుంది. ఆయన పేరు రాంచంద్ర, పొద్దున పోయేటప్పుడు బస్సంతా వినేటట్టు తన పేరూ, పిల్లల ఉద్యోగాలూ చెప్పుకున్నాడు, ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వెనక సీట్ల గుసగుసలు ఆగిపోయాయి. కండక్టరమ్మ స్వప్న టికెట్ మిషను పట్టుకొని నిలబడిపోయింది. బాలనర్సమ్మ నోరు తెరిచింది. లేదమ్మా, ఎత్తలేదు అనే అనబోయింది, ఒట్టు. కానీ నోట్లోంచి వచ్చింది వేరే. "గాడ మక్కకంకులు కాల్చే ఆమె ఉన్నది" అంది. "పాపం, తుంపరకు ఆమె బొగ్గులు ఊకె ఆరిపోతున్నయి. అంటుపెడ్తది, ఆరిపోతయ్. మల్ల అంటుపెడ్తది. ఇగ ఆఖరుకు, గీ నీళ్లు పాడుగాను అని విసనకర్ర పక్కన పడేసి ఆమె గూడ నిలబడి సూడవట్టింది." అయ్యో అంది కమలమ్మ. అంతే, ఇక గేట్లు తెరుచుకున్నాయి. ఎత్తు నుంచి నీళ్లు పడుతున్నాయి, పడిన చోట పొగలాగా లేస్తోంది, పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినబడటం లేదు, కాళ్ల కింద వంతెన సన్నగా వణుకుతోంది. తన నోరేనా ఇది అని ఆమెకే విడ్డూరంగా ఉంది. ఆగి ఊపిరి తీసుకునేసరికి, రాంచంద్ర ఇటు తిరిగాడు. ఇప్పుడు ఈయన నిజం చెప్పేస్తాడని ఆమె ప్రాణాలు ఉగ్గబట్టుకుంది. ఆయన కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ, "అవ్ అమ్మా, నా అద్దాలు ఎన్నిపార్లు తుడ్సినా మల్ల తడుసుడే" అన్నాడు. వెనక నుంచి ఎవరో అమ్మాయి, ఇంద్రధనుస్సు వచ్చింది చూసిండ్రా అంది. చూసినం, రెండొచ్చినయి, ఒకదాని మీద ఒకటి అంది ఇంకొకామె. మా ఆయన జారి పడబోయిండు, పట్టుకున్న అని మరొకామె. ఆఖరుకు కండక్టరమ్మ స్వప్న, పొద్దున డ్యూటీ ఎక్కినప్పటి నుంచి ఆ మూసిన గేట్లను రెండుసార్లు చూసిన మనిషి, టికెట్టు చింపి ఇస్తూ, "మా డ్రైవరన్న వంతెన మీద వైపర్ వేసిండు, వానొచ్చిందనుకొని" అంది.

మాల్ ఊరు దాటేసరికి గేట్లన్నీ లేచాయి. ఇంటికి పోయి నిరుటి వీడియో చూసి మోసపోయామని చెప్పుకోవడం ఎవరికిష్టం, అందుకని ఒకరి నీళ్లలో ఒకరు నీళ్లు కలిపారు, ఎవరూ ఎవరి ముఖమూ చూడకుండా, అట్లాగని సిగ్గూ పడకుండా. పొద్దున ఒకరికొకరు ఎవరో తెలియని మనుషులు ఒకే ఒక్క నదిని పట్టుకొని కూర్చున్నారు. బాలనర్సమ్మ ఆ ముఖాలన్నీ చూసింది. అబద్ధమాడుతున్న ముఖాల్లా లేవు, నిజంగా తడిసి వచ్చిన ముఖాల్లాగే వెలిగిపోతున్నాయి. మనిషికి ఇంత ఆశ ఉంటుందా, చూడాలని ఇంత ఆశ! కమలమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకొని, ఒకపారి నేను గూడ పోతా ఒదినే, సావకముందు ఒక్కపారన్న పోతా అంటోంది. యాచారంలో సంచి ఎత్తుకొని దిగి, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి చెయ్యి ఊపింది.

బస్సు సగం ఖాళీ అయింది, మాటలు తగ్గాయి. రాంచంద్ర ఫోన్‌లో ఎవరికో, మస్తు ఎత్తిండ్రు, మస్తు అని చెబుతున్నాడు. అంతా సిద్ధంగా ఉంది. మక్కకంకుల బొగ్గులు, రెండు ఇంద్రధనుస్సులు, వైపరు. అన్నీ పట్టుకుపోయి మంచం మీద కుమ్మరించడమే. అయినా ఏదో లోపల కదులుతోంది, ఏదో మరిచిపోయినట్టు. ఇంతమంది ఇన్ని చెప్పారు కదా, ఒక్కటి ఎవరూ చెప్పలేదు. ఎవరూ చూడలేదా? వంతెన మీద ఉసూరుమన్న జనం చాయ్ హోటళ్ల మీద పడ్డాక, తిరుగు బస్సుకు ఇంకా టైముందని, ఏడుపు ఎవరికీ కనబడకూడదని, ఆమె ఒక్కతే పైరోడ్డు పట్టి నడిచింది. మలుపు తిరిగింది. అక్కడ ఉన్నాయి నీళ్లు. ఆనకట్ట గోడకు అవతలి వైపు. కొండల అంచుల దాకా, చూపు ఆగిన చోటు దాకా, నిండుగా, నిలబడి. అల లేదు. ఆమె చెవులు మూసుకుపోయాయేమోనని వేలు పెట్టి తిప్పుకుంది. చప్పుడే లేదు. ఏ గేట్లలోంచి దుంకుతుంటే చూడాలని ఇంతమంది వచ్చారో ఆ నీళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు, ఎండిపోలేదు, ఊరికే ఉన్నాయి. అంత బరువు, అంత లోతు, ఒక్క మాట లేకుండా! చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దండం పెట్టాలో, వెనక్కి అడుగు వేయాలో తెలియలేదు. ఎంతసేపు నిలబడిందో, కింద నుంచి బస్సు హారన్ కొడితే ఉలిక్కిపడి ఉరికింది. ఉరికి సీట్లో పడగానే మళ్లీ అదే ఏడుపు, గేట్లు ఎత్తలేదు, ఏం చెప్పాలి అని, ఆ ఏడుపు కింద పడి ఆ నీళ్లు ఇంతసేపూ కనబడకుండా పోయాయి.

ఇప్పుడు ఎట్లా? బస్సు గునుగల్ దాటింది. ఆ నీళ్ల ముచ్చట చెబితే అతను వింటాడా? చప్పుడు విని లేచిన మనిషికి చప్పుడు లేని నీళ్లు తీసుకుపోయి ఇస్తే ఏం చేసుకుంటాడు? గోడవైపు తిరుగుతాడు. ఈసారి తిరిగితే మళ్లీ ఇటు తిరుగుతాడని నమ్మకం లేదు. దానికన్నా ఆ ఇంద్రధనుస్సులే నయం. నయమే, కానీ. ఆ రోజు వంతెన దిగుతూ ఆమె తల బయటపెట్టి కొండ కోసం వెతికింది. పగలు, రెండు కళ్లతో. లేదని తెలుసుకుంది, నొచ్చుకుంది, మళ్లీ తనంతట తానే తేరుకుంది. అతను ఎక్కడికి పోయి వెతుక్కుంటాడు? తను ఏది చెబితే అదే అతనికి లోకం. పోయి సరిచూసుకునే దారి లేని మనిషికి లేని నీళ్లు పోసి వస్తే, రేపటి నుంచి తను చెప్పే ప్రతి ఊరూ, ప్రతి వాగూ తనకే అనుమానంగా ఉండదా? ఇంతలోనే ఇబ్రహీంపట్నం చెరువుగట్టు వచ్చింది, బస్టాండు వచ్చింది, తోపులాటలో ఎట్లా దిగిందో దిగింది. స్వప్న వెనక నుంచి, మల్ల ఎప్పుడొస్తవ్ అవ్వా అని నవ్వుతూ అడిగింది. వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి సందులోకి నడిచింది.

భాగ్యశ్రీ గడపలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించింది. "అత్తమ్మా, మామ పొద్దటి సంది కూసునే ఉన్నడు. జర పండుకో అంటే ఇంటలేడు." లోపల మంచం మీద అంజిలయ్య వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు, తల దువ్వుకున్నాడు కూడా. స్టీరింగ్ ముందు కూర్చునే తీరు అది.

"ఎన్ని ఎత్తిండ్రే?"

ఆమె మంచం కోడు పక్కన కింద కూలబడింది. మక్కకంకుల ఆమె నాలుక చివర దాకా వచ్చి నిలబడింది.

"ఒక్కటి గూడ ఎత్తలె" అంది. "గా ఫోన్ల ఉన్నది నిరుటిదంట. అందరం మోసపోయినం."

అతని ముఖంలో ఏదో మెల్లగా దిగిపోతోంది, మెడ కొద్దికొద్దిగా గోడవైపు తిరుగుతోంది, ఆమెకు ప్రాణం పోయినట్టయింది, తిరగకు తిరగకు అని లోపల అరుస్తూనే గబగబా అందుకుంది. "గని నీళ్లు చూసిన. గోడకు అవుతల దిక్కు. ఎవ్వలు చూడలె, నేనొక్కదాన్నే చూసిన. నిలబడ్డయి. ఎట్ల చెప్పాలె, కొండలు ఉన్నంత దూరం నీళ్లే. గంత నీళ్లు, సప్పుడు లేదు."

మెడ ఆగింది.

"సప్పుడు లేదా?"

"లేదు."

"అస్సలుకే?"

"గాలి గూడ లేదు. నాకు చెవులు పోయినయేమో అనుకున్న. భయమైంది. దండం పెట్టబుద్ధైంది. గట్లనే నిలబడ్డ."

అతని కళ్లు మూసే ఉన్నాయి, కానీ కనుబొమలు పైకి లేచాయి, చెవులు ఎక్కడో దూరంగా పెట్టినట్టు నోరు కొంచెం తెరుచుకుంది. చప్పుడు లేకపోవడాన్ని చూడటానికి కళ్లెందుకు! ఆ సంగతి ఆమెకు అతని ముఖం చూశాకే తట్టింది. అక్కడ నిలబడితే తను చూసినంతా అతనూ చూడగలడు, ఒక్క వీసం తక్కువ కాకుండా, ఎవరూ చెప్పే పని లేకుండా.

"గంత నీళ్లకాడ సప్పుడు లేదంటే" అన్నాడు, ఆగాడు. "నేను గూడ వింట నర్సీ. నన్ను తోల్కపో."

"బస్సెట్ల ఎక్కుతవ్ మామా?" అంది భాగ్యశ్రీ, తలుపు దగ్గరి నుంచి.

"లారీ ఎక్కినోనికి బస్సొక లెక్కనా?" అన్నాడు. కాళ్లు రెండూ మంచం దించి, బొటనవేళ్లతో నేల తడుముతున్నాడు, అటూ ఇటూ, దేని కోసమో. దొరకలేదు. "భాగ్యా, నా చెప్పులేడ పెట్టినవ్?"